తెర వెనక పాడిన పిల్ల

ఊర్లల్ల నాటకం ఎట్ల ఆడుతరో ఇప్పటి పిల్లలకు చెప్పాలంటే జర ఎన్కకు పోవాలె. మా నల్లగొండ, పాలమూరు దిక్కు పద్యనాటకం ఆడేది ఊరోళ్లే. రాజు వేషం కట్టేటాయన పొద్దున అరక దున్ని వచ్చినోడే. మంత్రి కిరాణం దుకాణం నడిపేటోడు. హార్మోని మాస్టరును ఊరికి పిలిపించుకుని, ఆరేడు నెలలు ఆయన ముందు కూసుని పద్యాలు నేర్చుకుంటరు. ఆడ వేషాలకు మాత్రం ఊర్ల నుంచి ఎవరూ రారు. అందుకని టౌను నుంచి ఒక ఆడమనిషిని మాట్లాడుకుని తెచ్చుకుంటరు. ఆ తెచ్చుకునే మనిషిని నేను. ముప్పై ఏండ్లు అదే నా పని.

మాది నేత ఇల్లు. మా బాపు మగ్గంల కూసుంటే పద్యం ఎత్తుకునేటోడు. మగ్గం చప్పుడే ఆయనకు తాళం. నేను పక్కన కండెలు చుట్టుకుంట వినేదాన్ని. నాకు పద్యాలన్నీ అట్లనే వచ్చినయి, బడికి పోయి నేర్చుకున్నయి కావు. పందొమ్మిదేండ్లకు మొదటిసారి రాణి వేషం కట్టిన. రాజ్యం పోయి, మొగనికి దూరమై, ఆఖరికి సచ్చిన కొడుకును చేతుల మీద మోసుకుని కాటికి వచ్చే రాణి. ఆ కాటి సీనుల కొడుకు మీద పడి ఏడ్చుకుంట పాడే పద్యం ఒకటి ఉంటది. జనం నాటకానికి వచ్చేదే దానికోసం. పద్యం ఆఖరికి రాగం తీస్తే నేను ఊపిరి తిప్పుకోకుండ ఎంతసేపు నిలబెడ్తనో అని ముసలోళ్లు చెయ్యి మీద దెబ్బ ఏసుకుంట లెక్క పెట్టేటోళ్లు. ఊర్లల్ల నా పేరు ఎవరికీ యాదికి ఉండేది కాదు. రాణమ్మ అని పిలిచేటోళ్లు. టౌన్ల మాత్రం నాటకాలామెకు ఇల్లు కిరాయికి ఇయ్యం అనేటోళ్లు. రెండూ అలవాటైనయి.

తెలంగాణ వచ్చినంక ఆట పాట తెలిసినోళ్లకు మంచి రోజులు వచ్చినయి. గజ్జె కట్టి పాడేటోళ్లకు కొలువులు దొరికినయి, సర్కారు మీటింగులల్ల పిలుపులు వచ్చినయి. సంబురపడ్డ. ఆ పిలగాండ్లు రోడ్ల మీద పాడి పాడి తెచ్చిన తెలంగాణ అది. మా హార్మోని మాస్టరు మాత్రం బీడీ ఆర్పుకుంట, మన పద్యానికి ఏ పథకం కింద జాగా దొరుకుతదో నువ్వే చెప్పు అనేటోడు. నాకు తెల్వదు. నాటకాలు తగ్గినయి. కోస్గి దిక్కు, కొడంగల్ దిక్కు జాతరలల్ల ఇంక ఆడిపిస్తుండ్రి. వాటి మీదనే బతికినం.

ఆ మాస్టరే ఒక పిల్లను తీసుకొచ్చిండు. కోస్గి పక్క ఊరు. పత్తి ఏరే కూలికి పోతది, భజనలల్ల పాడుతది. పాతికేండ్లు ఉంటయి. పొట్టి మనిషి, నల్లటి మనిషి, పై పండ్లు జర ముందుకు. మాస్టరు ఆమెకు చెలికత్తె వేషం ఇప్పిచ్చిండు. చెలికత్తెకు రెండు మాటలు, ఒక పాట. మిగిలిన వేళంత తెర సందుల నిలబడి నన్ను చూస్తుండేది. ఈమెకు పెద్ద వేషం ఇయ్యున్రి అని మాస్టరు రెండు మూడు ఊర్లల్ల అడిగిండు. రాణి వేషానికి రూపు ఉండాలె మాస్టరు అన్నరు. నేను అక్కడనే ఉన్న. నేనేమీ అనలే.

బస్సులల్ల పోయేటప్పుడు ఆమె పద్యాలు నేర్పమని అడిగేది. నేర్పిన. అబద్ధం ఎందుకు చెప్పాలె, ఒక్క కాటి పద్యం తప్ప అన్నీ నేర్పిన. అది అడిగినప్పుడల్లా తలనొస్తుందనో, బస్సు చప్పుడనో మాట మార్చేదాన్ని. ఆమె మళ్ల అడగకపోయేది.

తెలంగాణ వచ్చిన రెండేండ్లకో మూడేండ్లకో, నా గొంతు గరగరమనుడు షురువైంది. మిరియాలు నమిలిన, కరక్కాయ చప్పరించిన, పాలల్ల పసుపు తాగిన. పొద్దున మంచిగనే ఉంటది, మధ్యాహ్నానికి చింపిన బట్ట లెక్క అయితది. ఎవరికీ చెప్పకుండ మహబూబ్‌నగర్ల గొంతు డాక్టరు దగ్గరికి పోయిన. సన్నటి పైపు లోపలికి పెట్టి, టీవీల చూపిచ్చిండు. తెల్లటి రెండు తీగెల మీద రెండు గింజలు. ఆరు నెలలు పాట బంద్, మాట సుత తక్కువ చెయ్యాలె, వినకుంటే ఉన్నది కూడ పోతది అన్నడు. మంచిదని తల ఊపిన. బయటికి వచ్చి బస్టాండ్ల ఫోన్ చూసుకుంటే కోస్గి పక్కనే ఇంకో ఊరి నుంచి కాల్ వచ్చి ఉన్నది. జాతర నాటకం. వస్త అని చెప్పిన.

ఎందుకు చెప్పిన్నంటే, ఆ ఊర్ల రాజు వేషం కట్టే రైతు నన్ను అడిగిన తీరు అట్లాంటిది. యాభై దాటిన మనిషి. ఆయన తండ్రి అదే జాగల అదే రాజు వేషం కట్టెనట. తండ్రి పోయినంక ఆ ఊర్ల నాటకమే ఆగిపోయిందట. ఇన్నేండ్లకు మళ్ల నిలబెడుతున్న, నువ్వు వస్తనే నిలబడ్తదమ్మా అన్నడు. ఇది నేను చెప్పుకునే కారణం. ఇంకోటి సుత ఉన్నది. నేను రానంటే ఆ పిల్లను పెట్టుకుంటరేమోనని భయం.

రాత్రి పది దాటితే మైకు బంద్ చెయ్యాలని పోలీసులు చెప్పిన్రని, నాటకం పగటి పూటనే పెట్టుకున్నరు. రథం కాడ శామియానా. ఎండ ఎర్ర గుడ్డల నుంచి దిగి అందరి ముఖాలు ఎర్రగ కనపడుతున్నయి. వేషాలు కట్టుకునేది పక్కనున్న బడి గదిల. మొదలుపెట్టే ముందు మాస్టరును శృతి ఒకటిన్నర దించమన్న. ఆయన నా ముఖం చూసి ఏమీ అడగకుండ దించిండు. రాజు వేషమాయన మాత్రం పరేషాన్ అయ్యిండు. ఇన్ని నెలలు పై శృతిల నేర్చుకున్నడు పాపం, కింద పాడితే బాయిల నుంచి పాడినట్టు వినపడుతాంది.

మొదటి సీన్లు ఎట్లనో గట్టెక్కిన. అడవి సీనుల రెండు చోట్ల గొంతు పలిగింది, ఏడుపు లెక్క చేసి దాటేసిన. ఇంక కాటి సీను ఉన్నది. బడి గదిల జుట్టు విప్పుకుని, తెల్ల చీర కట్టుకుని, నీళ్లు తాగి ఒకసారి రాగం ఎత్తుకున్న. ఏమీ రాలే. గాలి మాత్రం వచ్చింది. మళ్ల ప్రయత్నం చేసిన. మాట కూడ రాలే.

మాస్టరు వచ్చి నిలబడ్డడు. బయట జనం ఈలలు వేస్తున్నరు. గది ఎనక తలుపు తీసే ఉన్నది. దాని అవతల జొన్న చేను. నడిచి పోతే రోడ్డు ఎంత దూరం ఉంటదో అని ఆలోచించిన, నిజంగ. ఆ పిల్ల చీరెలు మడతపెడుతున్నదల్లా లేచి నా దగ్గరికి వచ్చింది.

“అక్కా, నువ్వు ఆడు. నేను తెరెనక నిలబడి పాడుత.”

ఆ పద్యం నీకు రాదు గదా అన్నట్టు చెయ్యి తిప్పిన. వచ్చు అన్నది. ఎట్ల వచ్చిందని నేను అడగలేదు, అడిగేందుకు గొంతు లేదు. మాస్టరు ఉరికి పోయి, మైకు సెట్టు పిలగానికి చెప్పి, స్టేజీ మీద వేలాడే మైకులు తగ్గించిండు. ప్రకటనలు చెప్పే చేతి మైకు తీసుకొచ్చి ఆమెకు ఇచ్చిండు.

పంచెల చుట్టిన గడ్డి బొమ్మను చేతుల మీద ఎత్తుకుని పోయి స్టేజీ నడుమ కూలబడ్డ. జుట్టు ముఖం మీద వేసుకున్న. మాస్టరు ఎవరినీ అడగకుండనే శృతిని మళ్ల పైకి ఎక్కించిండు. ఎనక నుంచి పద్యం వచ్చింది.

నేను ముప్పై ఏండ్లు పాడిన పద్యం అది. ఒక్కసారి సుత వినలేదు. నేను రాగం గట్టిగ తీసి జనాన్ని పట్టుకునే చోట ఆమె మెల్లగ అయ్యింది. కొడుకును పేరు పెట్టి పిలిచినంక ఒక్క క్షణం ఆగింది, వాడు పలుకుతడేమోనన్నట్టు. నేను ఏనాడూ అక్కడ ఆగలే. ఆగాలని తోచలేదు. నాకు దుఃఖం వచ్చింది. పెదవులు కదిలించుడు కూడ మర్చిపోయి గడ్డి బొమ్మ మీద పడి ఏడ్చిన. కాటి కాపరి వేషంల పక్కన నిలబడ్డ రాజు ఒకసారి తెర దిక్కు తిరిగి చూసిండు. జనం మళ్ల పాడమని అరిచిన్రు. ఆమె మళ్ల పాడింది. చానమంది ఫోన్లు పైకెత్తి పట్టుకున్నరు.

నాటకం అయినంక ఆ రైతు కిరీటంతోనే వచ్చి నా కాళ్లు మొక్కిండు. సర్పంచి శాలువా కప్పిండు. ముసలోళ్లు వచ్చి నా గదుమ పట్టుకుని ఏడ్చిన్రు. నేను చేతులు జోడించుకుంట నిలబడ్డ. బడి గదిలకు పోతే ఆ పిల్ల వేషాలు మూట కడుతాంది. నన్ను చూసి లేచి నిలబడ్డది, ఏదో అడిగేటట్టు. నేను మూతి తుడుచుకుంట అద్దం దిక్కు తిరిగిన.

కోస్గికి ఆటోల పోతుంటే మాస్టరు నా చెవి దగ్గరికి వంగి, చెప్తవా లేదా అని అడిగిండు. నేను గొంతు దిక్కు వేలు చూపిచ్చిన. డాక్టరు మాట్లాడొద్దన్నడు గదా. ముప్పై ఏండ్ల నాటకాలల్ల అంత మంచి సాకు నాకు ఇంకోటి దొరకలే.

ఆ వీడియో ఎవరో ఫోన్లల్ల పెట్టిన్రు. నా ముఖం, నా జుట్టు, ఆమె గొంతు. పాలమూరు నుంచి హుజూర్‌నగర్ దాక తిరిగింది. ఎప్పుడూ పిలవని ఊర్లు పిలిచినయి. నేను ఆపరేషన్ చేపిచ్చుకుని ఇంట్ల కూసున్న. మాట వచ్చింది, పాట రాలే. ఇంక ఆడను అని చెప్పిన. గొంతు మంచిగున్నప్పుడే మర్యాదగ మానేసింది, అదీ కళాకారిణి అంటే అన్నరు. దానికి సుత చేతులు జోడించిన.

ఆ పిల్లకు మాస్టరు పట్టుబట్టి రెండు ఊర్లల్ల రాణి వేషం ఇప్పిచ్చిండు. కాటి పద్యం పాడంగనే జనం ఫోన్లు తీసి వీడియో పెట్టుకుని పోల్చుకున్నరట. రాణమ్మను ఉన్నదున్నట్టు దించుతాంది అన్నరట. మూడో ఊరి పెద్దమనిషి, నకలు కొట్టేటామె మాకెందుకు అని ముఖం మీదనే చెప్పిండట. ఇదంత ఆమె ఫోన్ల నవ్వుకుంట చెప్పింది.

“నేను నీ నకలునట అక్కా.”

నేను కూడ నవ్విన. ఆ నవ్వు గురించి ఇప్పుడు రాస్తుంటే చెయ్యి ఆగుతుంది. తర్వాత ఆమె ఫోన్ చేసుడు తగ్గించింది. ఊరి బడిల పిల్లలకు వంట చేసే పనికి కుదిరిందని మాస్టరు చెప్పిండు. ఆ ముక్క చెప్పి, ఇంక నాతోని మాట్లాడేది ఏమీ లేనట్టు ఫోన్ పెట్టేసిండు. కరోనల ఆయన పోయిండు. దహనానికి నేను పోలే, ఆమె పోలే. ఎవరూ పోనియ్యలే అప్పుడు.

మళ్ల కొన్నేండ్లకు హుజూర్‌నగర్ల నాటకాలంటే ప్రేమ ఉన్న పెద్దమనుషులు కొందరు నాకు సన్మానం పెట్టిన్రు. ఫంక్షన్ హాలు. రెండు వందల కుర్చీలకు సగం నిండినయి. నా గురించి నాలుగు మాటలు చెప్పేందుకు కోస్గి నుంచి ఆ రాజు వేషం రైతును కారుల తీసుకొచ్చిన్రు. ముసలోడైండు, కట్టె పట్టుకుని నడుస్తుండు. గోడ మీద పెద్ద తెర కట్టి ఆ వీడియో పెట్టిన్రు.

అంత పెద్దగ నేను దాన్ని ఎన్నడూ చూడలే. జుట్టు కింద నా మూతి కదులుతలేదు. స్పష్టంగ కనపడుతాంది. వంద మంది చూస్తున్నరు, ఒక్కరికీ కనపడుతలేదు. కొడుకును పిలిచి ఆమె ఆగిన కాడ హాలంత ఆగింది. వీడియో అయినంక మైకు పట్టుకున్నాయన, ఇటువంటి గొంతు మళ్ల పుట్టదు అన్నడు. నేను లేచి మైకు అడిగిన. ముందుగ అనుకుని పోయింది కాదు. ఊకే కూసునే ఓపిక అయిపోయింది, అంతే.

ఆ గొంతు నాది కాదు అన్న.

చప్పట్లు కొట్టిన్రు. ఆ మైకాయన చేతులు జోడించి, చూడున్రి ఎంత వినయమో, అంత భగవంతుడిచ్చింది అంటున్నరు అమ్మ అన్నడు. కాదు, నిజంగ వేరే మనిషి పాడింది, తెరెనక నిలబడి పాడింది అన్న. మళ్ల చప్పట్లు. ముందు వరుసల ఒకాయన కండ్లు తుడుచుకున్నడు. ముప్పై ఏండ్లు వేషం కట్టి అబద్ధం ఆడితే నమ్మినోళ్లు, నిజం చెప్తే నమ్ముతలేరు.

ఇంక నాకు ఒకటే తోవ కనపడ్డది. పద్యం ఎత్తుకున్న.

మొదటి రాగంలనే గొంతు పటుక్కున తెగింది. మగ్గం మీద పడుగు దారం తెగితే ఎట్ల వేలాడుతదో అట్ల వేలాడింది. ఆపలే. నాలుగు పాదాలు పాడిన. గాలి, గరగర, నడుమ నడుమ ఒక ముక్క స్వరం. ఫోన్లు పట్టుకున్నోళ్లు ఒక్కొక్కరు కిందికి దించిన్రు. ఎవరూ చప్పట్లు కొట్టలే. ఆపరేషన్ అయినంక నా పాట నేను ఇంట్ల సుత ఎవరికీ వినపడనియ్యలే. వంద మంది ముందు అది వినిపించినంక కుర్చీ పట్టుకున్న.

అప్పుడు ఆ రైతు కట్టె ఆనించుకుని లేచిండు. మైకు తీసుకోలే. ముందున్నోళ్లకే వినపడ్డది.

“నాకు ఎరుకనే అమ్మా. పక్కన్నే నిలబడ్డ గదా. మా నాటకం పేరు చెడొద్దని నేను సుత ఊకున్న.”

మైకాయన చానసేపు కాగితాలు తిరగేసి, ఆమె పేరేంది అని అడిగిండు. చెప్పిన. ఊరు పేరు చెప్పిన. రెండుసార్లు చెప్పిన. ఇక్కడ ఆ పేరు రాస్తలేను. రాయొద్దని ఆమెనే అన్నది.

ఎందుకన్నదో చెప్త. వారం తర్వాత ఆమె ఊరికి పోయిన. బడి వరండల గిన్నెలు కడిగి బోర్లేసి ఉన్నయి, పొయ్యి మీద పప్పు ఉడుకుతాంది. జుట్టు నెరిసింది. లోపలికి రా అక్కా అని పీట వేసింది. హుజూర్‌నగర్ల జరిగింది మొత్తం చెప్పిన. ఆమె గంటె తిప్పుకుంటనే విన్నది. అంత విని, వీడియో గురించి నాకు ఫికర్ లేదు అన్నది. పేరు వచ్చినా రాకపోయినా రేపు పొయ్యి నేనే ముట్టియ్యాలె, నా పేరు పేపర్లకు ఎక్కియ్యకు, ఊర్ల లేనిపోని మాటలు వస్తయి అన్నది. కాసేపటికి మంట తగ్గిచ్చి, నా దిక్కు తిరిగి చెప్పింది.

“గా దినం నేను పాడుతుంటే నువ్వు ఏడ్సినవ్. నేను తెర సందుల నుంచి చూసిన. అది నాటకం ఏడుపు కాదని నాకు ఎరుకనే. అయినంక లోపలికొచ్చి, మంచిగ పాడినవ్ పిల్లా అంటవని నిలబడ్డ అక్కా. నువ్వు అద్దం దిక్కు తిరిగినవ్.”

నా దగ్గర సాకు ఏదీ లేకుండె. మంచిగ పాడినవ్ అన్న. నాకంటే మంచిగ పాడినవ్ అన్న. బడి గంట కొట్టిన్రు. పిల్లలు పల్లాలు పట్టుకుని లైనుకు వస్తుంటే ఆమె కొంగుతోని ముఖం తుడుచుకుని అన్నం గిన్నె దించింది. విన్నదో లేదో నాకు సరిగ తెల్వలే. నాకు సుత ఒక పల్లెం పెట్టింది. తిన్న.

నాటకాలల్లకు కొత్తగ వచ్చేటోళ్లు ఎవరన్న ఇది చదువుతుంటే నేను చెప్పేది పెద్దగ ఏమీ లేదు. గొంతు పోతది, అది ఎవరికైనా పోతది. పోయినట్టు దాయొద్దు. పక్కోళ్లు మంచిగ పాడితే ఆ పూటనే చెప్పున్రి. ఏండ్లు గడిచినంక చెప్తే అది మనకు బరువు దిగుడే గాని వాళ్లకు అక్కరకు వచ్చేది కాదు.

ఆ ఏడు జాతరకు ఆ రైతు ఊర్ల మళ్ల నాటకం పెట్టిన్రు. ఆయనే తిరిగి అందరిని ఒప్పిచ్చి, ఆమెకు రాణి వేషం ఇప్పిచ్చిండు. రాజు వేషం ఆయన అల్లుడు కట్టిండు. నేను పోయి ముందు కుర్చీల కూసున్న. మధ్యాహ్నం ఎండ. పక్క సందుల డీజే పెట్టిన్రు, సగం జనం అటే ఉన్నరు. శామియానా కింద మొత్తం లెక్కపెడితే నలభై మంది ఉంటరేమో, అందుల పది మంది నిద్రపోతున్నరు. ఆమె నలభై మందికీ నిండుగ పాడింది. ఒక్క పద్యం కుదించలే, ఒక్క రాగం తగ్గియ్యలే. హార్మోని వాయించిన కొత్తాయనకు కాటి పద్యం సరిగ రాదు. ఆమెనే ఆగి, ఆయన అందుకున్నంక ముందుకు పోయింది.

ఆ తర్వాత ఇంకో ఊర్ల ఒకటి ఆడింది. అంతే. పిలుస్తలేరని కాదు, నాటకాలే పెడుతలేరు. నేను నోరు తెరిచేసరికి ఆమెకు నిలబడేందుకు స్టేజీ మిగలలే.

ఆ జాతర నాడు ఆమె వేషం కడుక్కున్నంక ఇద్దరం ఆటోల కోస్గి బస్టాండుకు వచ్చినం. చెవుల పక్కన ఇంక రంగు అంటి ఉన్నది ఆమెకు. నా కొంగు తడిపి తుడిచిన. ఇంకో బస్సు చూసుకుని పోదాం, హోటల్ల కూసుని చాయ్ తాగుదాం అన్న. వద్దక్కా అన్నది. రేపు పిల్లలకు గుడ్లు పెట్టే రోజు, తెల్లారి తొందరగ పోవాలె అన్నది. మొదలొచ్చిన బస్సు ఎక్కి, కిటికీ కాడ సీటు దొరకక, కడ్డీ పట్టుకుని నిలబడి పోయింది.